అక్క చెప్పిన సాక్ష్యం

మా తోడికోడలు పుష్పావతి దేవుణ్ణి నమ్మినంత గట్టిగా నేను మా ఆయన్ని కూడా నమ్మలేదు. ఈ మాట మా ఆయన మునేష్ ముందే చాలాసార్లు అన్నాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఈమధ్య అనడం మానేశాను.

పుష్పావతి మా బావ చిన్నప్ప భార్య. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, అందుకని అక్కా అని పిలుస్తాను, ఆమె నన్ను ప్రేమా అని పేరు పెట్టి పిలుస్తుంది. మారికుప్పంలో గనివాళ్ళు ఎప్పుడో కట్టించిన లైను ఇళ్ళలో మాదీ వాళ్ళదీ పక్కపక్క ఇళ్ళు. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకు ఇవతల పడుకుని, అవతల మా బావ దగ్గు వింటూ ఇరవై ఏళ్ళు కాపురం చేశాను. మా మామగారి తండ్రి పలమనేరు పక్క పల్లె నుంచి ఈ కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చాడు. అప్పట్నుంచీ ఇంట్లో మగవాళ్ళందరికీ అదే పని. మా ఆయనకు పని ఈడు వచ్చేసరికి గనులు మూసేశారు కాబట్టి ఆయన ఊపిరితిత్తులు మిగిలాయి. మా బావ మాత్రం పదమూడేళ్ళు భూమి లోపల రాయికి డ్రిల్లు పట్టాడు. ఆ రాతిపొడి ఆయన రొమ్ములోనే ఉండిపోయింది.

గనులు మూసేసిన ఏడాది ఆయన ఎవరితోనూ మాట్లాడలేదట. పొద్దున్నే గని బట్టలు వేసుకుని గడప మీద కూర్చునేవాడట, సాయంత్రం లేచి విప్పేసేవాడట. అది నేను కాపురానికి రాకముందు సంగతి. అప్పటికే అక్కకు రెండుసార్లు కడుపొచ్చి పోయింది. మొగుడా పలకడు, పిల్లలా లేరు. ఆ రోజుల్లో మా లైను చివర రేకుల మందిరం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, ఆమె పక్కన కూర్చుని ప్రార్థన చేశారు. వాళ్ళేం చెప్పారో నాకు తెలియదు. ఆమె మాత్రం, తన పేరు పెట్టి తన కోసం ఎవరైనా ఏడవడం అదే మొదటిసారని చెబుతుంది. ఆర్నెల్లకు బేతమంగళం చెరువులో బాప్తిస్మం తీసుకుంది.

మా అత్త ఊరుకుంటుందా? గంగమ్మకు మొక్కే ఇంట్లో ఇదేం పోయేకాలమని లైనంతా వినబడేట్టు తిట్టింది. కోడలి చేతి నీళ్ళు కూడా ముట్టలేదు. ఆఖరికి పక్షవాతమొచ్చి మంచాన పడితే రెండేళ్ళు ఒళ్ళు తుడిచి, గుడ్డలు ఉతికింది ఆ కోడలే. నేను చేసింది తక్కువ, చెప్పుకున్నది ఎక్కువ. అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందని మా అక్కను అడిగితే, "నాది కాదులే ప్రేమా, ఆయనిస్తాడు" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఆ ఇచ్చేవాడెవరో కాస్త ఆరోగ్యం కూడా ఇవ్వొచ్చు కదా అనేదాన్ని. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ ప్రార్థనే లేకపోతే ఆ ఇల్లు ఏనాడో కూలిపోయేది.

మేమిద్దరం మారికుప్పం రైల్లోనే బెంగళూరుకు పనికి పోతాం. ఆమె ఒక ఆఫీసులో కసువు ఊడ్చి, నేల తుడుస్తుంది. నేను గార్మెంట్సులో కాలర్లు కుడతాను. ఆడవాళ్ళ పెట్టెలో ఒక మూల పదిమంది చేరి బంగారుపేట వచ్చేదాకా ప్రార్థన చేస్తారు. పెద్దరికం మా అక్కదే. నేను రెండు సీట్ల అవతల కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేదాన్ని. ఆమె కొంగు తలమీద కప్పుకుని, అందరి ఇళ్ళ కష్టాలూ ఒక్కొక్కటే దేవుడికి చెప్పి, చివర్లో నా మనసు కూడా మార్చమని పైకే అడిగేది. ముందు మా సూపర్‌వైజరు మనసు మార్చమనక్కా అని నేనక్కణ్ణుంచే అరిచేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు, కళ్ళు తెరవకుండానే ఆమె కూడా నవ్వేది.

కరోనా వచ్చిపోయాక మా బావ ఊపిరి బాగా తగ్గిపోయింది. మందిరంలో రెండు ఆక్సిజన్ మిషన్లు ఉండేవి. కరోనా రోజుల్లో ఎవరో పుణ్యాత్ములు కొనిచ్చినవి. కరెంటుకు తగిలిస్తే చాలు, గాలిలోంచే ఆక్సిజన్ తీసి సన్న గొట్టంతో ముక్కుకు అందిస్తాయి. రాతిపొడి జబ్బున్న ఇళ్ళకు పాస్టరయ్య వాటిని వంతు ప్రకారం ఇచ్చేవాడు. మందిరానికి రానివాళ్ళకు కూడా ఇచ్చేవాడు, ఆ విషయంలో ఆయన్ని తప్పుపట్టలేను. వంతు రావాలంటే మాత్రం ముందున్న ఇల్లు ఖాళీ చేయాలి. ఒక ఇంట్లోంచి మిషను బయటికొచ్చిందంటే ఆ ఇంటి మనిషి పోయాడనే అర్థం. మా బావకు వంతు వచ్చిందీ అట్లాగే. బతికున్న మనిషి ఇంట్లోంచి అది వెనక్కి రావడం ఒక్కసారే జరిగింది. ఆ పని చేసింది మా అక్క.

పోయినేడు ఈస్టరు ముందు నలభై రోజులూ ఆమె ఉపవాసముంది. పొద్దు గూకేదాకా పచ్చి నీళ్ళు తప్ప ఏమీ లేదు. అట్లాగే రైలెక్కేది, అట్లాగే నాలుగు అంతస్తులు తుడిచేది. నువ్వు ముందు పోతే ఆయన్ని ఎవరు చూస్తారని తిట్టాను, వినలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, ప్రార్థన చేసిన కొబ్బరినూనె బావ రొమ్ముకు రాసి, అప్పుడు ఒక ముద్ద రాగి సంగటి తినేది. సరిగ్గా అప్పుడే కోలారు ఆసుపత్రిలో డాక్టరు బావకు మాత్రలు మార్చాడు. ఎండలు కూడా ముదిరాయి, చలిగాలి తగ్గింది. నా లెక్క అది.

ఏ లెక్కయితేనేం, మా బావ లేచాడు. మొదట కుళాయి దాకా నడిచాడు. తర్వాత లైను చివరి దాకా. ఈస్టరుకు ముందటి మట్టలాదివారం నాటికి పగలంతా మిషను లేకుండా గడప మీద కూర్చుని దారిన పోయేవాళ్ళను పలకరిస్తున్నాడు. గోడ అవతల దగ్గు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు మెలకువ వచ్చేది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, ఆ వారం రోజులు నేనూ నమ్మాను. శుక్రవారం మందిరంలో పాటలు వినబడుతుంటే వంటింట్లో నిలబడి, ఎవరూ చూడకుండా దణ్ణం పెట్టుకున్నాను.

మందిరం వాళ్ళకొక పద్ధతి ఉంది. మేలు జరిగితే నలుగురి ముందు లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే ఆ మేలు నిలవదంటారు. దాచుకోవడం దేవుడి సొత్తు దొంగిలించినట్టని వాళ్ళ నమ్మకం. రైల్లో ప్రార్థన జట్టు వాళ్ళు కూడా, ఎప్పుడు చెబుతావు పుష్పక్కా అని రోజూ అడిగారు. ఈస్టరు పొద్దున్నే ఆమె తెల్ల చీర కట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని పోయింది. మా ఆయన కూడా వెంట పోతే నేను తోడుపోయాను.

బావ తలుపు దగ్గర్నుంచి ముందు వరస దాకా ఆగకుండా నడిచాడు. ఆమె చెప్పాల్సిందంతా చెప్పింది. గనులు మూసిన ఏడాది, పోయిన కడుపులు, ఈ నలభై రోజులు. ప్రతి మాటకీ జనం స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అంతటితో కూర్చుని ఉంటే బాగుండేది. ఆమె తలుపు వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఆక్సిజన్ మిషను ఉంది. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఆటోలో తెచ్చి పెట్టించింది. వెనక్కి ఇచ్చేస్తున్నానని, వంతులో ఉన్నవాళ్ళకు ఇమ్మని అంది. పాస్టరయ్య ముఖంలో రంగు మారడం నేను చూశాను. డాక్టర్ని అడిగావా, ఇంకో నెల ఉంచుకోమ్మా అని మెల్లగానే అన్నాడు.

"ఇంట్లో పెట్టుకుంటే నమ్మనట్ల అవుతాది గదా అయ్యా," అంది మా అక్క.

ఆ మాటకు మందిరం రేకులు అదిరేట్టు స్తోత్రాలు. ఇంక పాస్టరయ్య మాత్రం ఏమంటాడు? ఆ మధ్యాహ్నమే మిషను పక్క పేట ఛాంపియన్ రీఫ్‌లో, వంతులో ముందున్న అంజినప్ప ఇంటికి పోయింది. అంజినప్ప గనిలో మా బావ జట్టువాడు, ఆయనదీ రాతిపొడి జబ్బే. బావకంటే ఆరేళ్ళు చిన్న. డ్రిల్లు పట్టుకోవడం బావే నేర్పించాడు. పెళ్ళాం చనిపోయింది. కూతురు చంద్రిక బట్టల షాపులో పనిచేస్తూ తండ్రిని చూసుకుంటుంది. ఆ రోజు మా రెండిళ్ళలో బిర్యానీ. బావ రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. అక్క ఆయన తింటుంటే చూస్తూ కూర్చుంది. ఆమె ముఖం అంత వెలగడం అంతకుముందు చూడలేదు, ఇంక చూడబోను కూడా.

జూన్ నెలలో ముసురు పట్టింది. వారం తిరక్కుండా గోడ అవతల దగ్గు మళ్ళీ మొదలైంది. ఈసారి కాళ్ళు కూడా వాచాయి. కోలారు ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచుకుని, ఇక తాము చేసేదేమీ లేదని, ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోమని పంపేశారు. ఏ ఆక్సిజన్? మందిరంలో రెండో మిషను మోటరు కాలిపోయి మూలపడింది. మునేష్ బంగారుపేట నుంచి ఒక సిలిండరు తెచ్చాడు. అది ఒక పూటకే అయిపోయింది. రోజుకు మూడు సిలిండర్లు తెచ్చే శక్తి మాకు లేదు. బెంగళూరు నుంచి మిషను అద్దెకు తెచ్చే శక్తి అంతకంటే లేదు.

ఇక మిగిలింది అంజినప్ప ఇంట్లో ఉన్నదే. పోయి అడుగు అని అక్కతో అన్నాను. ఇచ్చినదాన్ని ఎట్లా అడిగేది అంది. మొగుడి ప్రాణం కంటే నీకు పరువెక్కువా అని అరిచాను. పరువు కాదంది. నలుగురిలో దేవుడి పేరు మీద వదిలిన వస్తువును మళ్ళీ చేత్తో పట్టుకోవడానికి భయమంది. అంజినప్ప ముక్కులోంచి ఆ గొట్టం పీకి తెచ్చి, ఏ ముఖంతో మోకరించేదని అడిగింది. మూడు రోజులు పనికి పోకుండా మంచం పక్కన మోకాళ్ళ మీదే ఉంది. అంతకుముందు ఆమె ప్రార్థన చేస్తుంటే దేవుడితో మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆ మూడు రోజులూ బతిమాలుకుంటున్నట్టు ఉంది. నాలుగో రోజు పొద్దున బావ పెదవులు నీలిరంగుకు తిరిగాయి. ఆమె లేచి ముఖం కడుక్కుని, మా గుమ్మంలోకి వచ్చింది.

"పద ప్రేమా, పోదాం. అడగతాను," అంది.

ఆటోలో దారి పొడుగునా ఏమనాలో ఆమెకు నేర్పించాను. కొన్నాళ్ళకే కావాలను, వాళ్ళ పరిస్థితి కూడా చూసుకుని చెప్పమను అన్నాను. ఆమె తలూపింది. అంజినప్ప ఇల్లు ఒక్కటే గది. మంచం మీద ఒరిగి నిద్రపోతున్నాడు. తల దగ్గర మిషను నడుస్తోంది. మనిషి బొమికల గూడయ్యాడు గానీ ముఖం ప్రశాంతంగా ఉంది. చంద్రిక మమ్మల్ని చూడగానే పెద్దమ్మా అని వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకుంది. షాపుకు పోయే హడావిడిలో కూడా మాకు టీ పెట్టింది. మిషను వచ్చాకే తండ్రి నిద్రపోతున్నాడని, అంతకుముందు రాత్రంతా కూర్చునే ఉండేవాడని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మా నాయిన దినామూ అడగతాడు పెద్దమ్మా. అన్నకు తగ్గింది, నాకూ తగ్గతాది అంటాడు. ఆ మాట పట్టుకోనే బతకతా ఉండాడు. పెద్దనాయన ఎట్లుండాడు ఇప్పుడు?"

టీ గ్లాసు మా అక్క చేతిలో ఉంది. ఆమె అంజినప్ప వైపు చూసింది, మిషను వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"బాగుండాడు," అంది.

నాకు నోరుందని లైనంతా చెప్పుకుంటారు. రేషను షాపువాడితో, కండక్టరుతో, మా సూపర్‌వైజరుతో కొట్లాడిన నోరు అది. ఆ పొద్దు ఆ గదిలో అది తెరుచుకోలేదు. అబద్ధం, ఆయన పోతున్నాడు, ఆ మిషను ఇవ్వండి అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. చంద్రిక ప్రార్థన చేయమంది. అక్క కొంగు కప్పుకుని, నిద్రపోతున్న అంజినప్ప తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఉత్త చేతులతో ఇంటికొచ్చాం.

ఎందుకట్లా అన్నావని దారిలో అడగలేదు. తర్వాత అడిగితే, ఆ పిల్ల ముఖం చూసి అనలేకపోయానంది. నలుగురిలో చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుందని భయం కూడా వేసిందంది. ఏది ఎంతో తనకే తెలియదంది. మా అక్క అబద్ధం ఆడగా నేను విన్నది అదొక్కసారే. అది కూడా దేవుడి పరువు కాపాడటానికి. ఆ దేవుడికి అంత అవసరం పడిందా అని నాకు ఇప్పటికీ కోపం.

ఇంట్లో బావ ఆమె చేతుల వైపే చూశాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మంచిదిలే. వాడు నాకంటే ఆరేండ్లు చిన్నోడు," అన్నాడు.

మూడో రోజు ఉదయం తొమ్మిది గంటలకు పోయాడు. మునేష్ ఇంకో సిలిండరు కోసం పోయి, దాన్ని భుజాన వేసుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. మందిరం వాళ్ళు పాటలు పాడారు, మా వైపు వాళ్ళు వాళ్ళ పద్ధతిలో ఏడ్చారు. సాక్ష్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక్కరైనా ఎత్తి తిడితే మా అక్కకు కాస్త తేలికయ్యేదని నాకనిపించింది.

మట్టి చేసిన ఐదో రోజు మా గుమ్మం ముందు ఆటో ఆగింది. చంద్రిక దిగి, ఆక్సిజన్ మిషను కిందికి దించింది. అంజినప్పకు ఎవరో చెప్పేశారు. చిన్నప్ప పోయాడని విన్న వెంటనే గొట్టం తనే పీకేసుకున్నాడట. పోయి ఇచ్చేసి రా అంటున్నాడట, రాత్రి నుంచీ పెట్టనివ్వడం లేదట. ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోతోంది. అక్క చెప్పులు వేసుకుంది. నేనూ ఆమే చంద్రికతో పాటు, మిషనుతో సహా అదే ఆటోలో వెనక్కి పోయాం.

అంజినప్ప మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ప్రతి ఊపిరికీ భుజాలు ఎగసి పడుతున్నాయి. నేను మిషను కరెంటుకు తగిలించాను. అక్క గొట్టం తీసుకుని దగ్గరికి పోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పొద్దు నువ్వొచ్చినప్పుడు... అన్న బాగుండినాడా వదినా?"

"లేదు."

"మరి ఎందుకొచ్చినావు?"

"మిషను అడిగేదానికి వచ్చినాను నాయనా," అంది మా అక్క.

అంజినప్ప ఆమె ముఖంలోకి చూశాడు. కోపగించుకుంటాడనుకున్నాను. కోపం లేదు. అర్థం కాక అడుగుతున్నట్టు, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట చెప్పాడు.

"అడిగింటే షిఫ్టు వేసుకుని ఉందుము గదా వదినా. పగలు నేను, రాత్రికి అన్న. గని లోపల పనంతా అట్లనే గదా చేస్తిమి."

మా రెండిళ్ళు, ఒక మందిరం, ఒక ఆసుపత్రి, రైలు పెట్టెడు జనం ఉండి, ఈ మాట మాలో ఒక్కరికీ తోచలేదు. అంజినప్ప చెయ్యి దించాడు. అక్క వంగి ఆయన ముక్కుకు గొట్టం పెట్టింది. పెట్టాక అలవాటుగా కొంగు తలమీద కప్పుకుని, ఆయన తలమీద చెయ్యి వేసి, ప్రభువా అంది. ఆ తర్వాత మాట రాలేదు. మేం ముగ్గురం ఎదురుచూశాం గానీ ఆమె ఇంకేమీ అనలేకపోయింది.